పికప్ బండికి కొత్త టైర్లు వేయించే ముందు జాగ్రత్తలు

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే పికప్‌కు టైర్లు మార్చదలచినవారు ముందుగా పాత టైర్ల అరుగుదలను పరిశీలించాలి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైందని, నడుమ మాత్రమే అరిగితే ఎక్కువైందని, ఒక్క అంచే అరిగితే సాధారణంగా అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణం) తప్పిందని గ్రహించి, ఆ లోపాన్ని సరిచేయించిన తరువాతే కొత్తవి వేయించాలి. లేకుంటే అవీ అలాగే అరిగిపోతాయి.

గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరేదాకా టైర్లు మార్చకుండా ఆగకూడదు.

పక్కగోడ మీది మట్టి తుడిచి తయారీ అంకెలు చదవాలి: 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును తెలిపే సంఖ్య) బండి తయారీదారు సూచించిన దానికన్నా తక్కువైతే, ఆటోనగర్‌లో ఎంత మంచి బేరం కుదిరినా (కుదురుతుంది కూడా) వద్దనడమే మేలు. గాలిని టైరు చల్లబడ్డాకే కొలిపించాలి. బిగించిన నట్లను వంద కిలోమీటర్లలోపు మరోసారి సరిచూపించాలి.