నాయకుడి వ్యాసం ఫ్లెక్సీలా ఉందా? ఎక్కడ చెడింది, ఎలా బాగుచేయాలి

నల్లగొండ గడియారం సెంటర్‌లో కట్టిన ఫ్లెక్సీ నాలుగు రోజులకు చిరిగిపోతుంది. వికీపీడియాలో కట్టింది అంత తొందరగా పోదు. పిల్లలు బడి ప్రాజెక్టులోకి దాన్నే దించుకుంటారు. తెలుగు వికీపీడియాలో మన నల్లగొండ, పాలమూరు నాయకుల వ్యాసాలు దిద్దుతుంటే మళ్లీ మళ్లీ ఎదురయ్యే తేడాలు ఇవి.

సమస్య: రాత్రి రాసింది పొద్దున చూస్తే లేదు

ఎదుటి పార్టీ కుట్ర అనుకునే ముందు వ్యాసం పైనున్న ‘చరిత్ర’ నొక్కండి. ఎవరు తీసేశారో అక్కడ తెలుస్తుంది, ఎందుకో కూడా చాలాసార్లు ఒక ముక్క రాసి ఉంటుంది. మామూలుగా దొరికే కారణాలు రెండు: మూలం (ఆ సంగతి ఎక్కడిదో చూపే ఆధారం) ఇవ్వకపోవడం, పత్రిక వార్తను ఉన్నదున్నట్టు ఎక్కించడం. మూలం వెతికి, సొంత మాటల్లో రాసి, వ్యాసం గురించి మాట్లాడుకోవడానికి ఉండే చర్చ పేజీలో ఒక మాట చెప్పి పెట్టండి. పంతానికి పోయి అదే పేరాను ఒకే రాత్రి పదేపదే పెట్టి, మర్నాడంతా నిరోధంలో, అంటే ఏమీ దిద్దే వీల్లేకుండా, కూర్చున్నవాడిని నేను.

సమస్య: విశేషణాలన్నీ తీసేసినా పొగడ్త వాసన పోలేదు

‘అపర భగీరథుడు’, ‘పేదల పెన్నిధి’ తీసేయడం చిటికెలో పని. అసలు పొగడ్త క్రియలో దాక్కుంటుంది. ‘నియోజకవర్గానికి సాగునీరు సాధించారు’ అన్న వాక్యంలో విశేషణం ఒక్కటీ లేదు, అయినా అది ఫ్లెక్సీయే. ఏ పథకం? మంజూరు ఎప్పుడు? నీళ్లు వదిలింది ఎప్పుడు? అప్పుడాయన ఏ పదవిలో ఉన్నారు? ఈ నాలుగింటికి జవాబులు రాస్తే చాలు, ‘సాధించారు’ దానంతటదే రాలిపోతుంది. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం ఎన్ని ప్రభుత్వాల చేతులు మారిందో మనకు తెలుసు. అలాంటి పనిని ఒకరి ఖాతాలో వేస్తే, వారంలో అదే వాక్యం మరో ముగ్గురి వ్యాసాల్లో మొలుస్తుంది.

తిట్టూ క్రియలోనే ఉంటుంది. ప్రత్యర్థి అక్రమాన్ని ‘బయటపెట్టారు’ అంటే అక్రమం జరిగిందని మీరే తీర్పు చెప్పినట్టు. ‘ఆరోపించారు’ అంటే ఆ మాట అన్నవారిదే అవుతుంది.

ఇంకొకటి మన భాషకే ఉన్న చిక్కు. ఒక నాయకుడు ‘జన్మించారు’, ఆయన ప్రత్యర్థి ‘జన్మించాడు’. రాసినవారి ఓటు ఎటో ఆ చివరి అక్షరమే చెప్పేస్తుంది. తెలుగు వికీపీడియాలో ‘గారు’, ‘శ్రీ’ లేకుండా ‘జన్మించాడు’ అని రాయడం వాడుక. మా ఇంట్లో పెద్దలను అలా అనలేని నాకు, ఈ వాడుకకు అలవాటు పడటానికి చాలా రోజులు పట్టింది. ఇబ్బందిగా ఉన్నా సరే, అందరికీ ఒకటే ఉంచండి.

సమస్య: ఓటమి మాయమవుతోంది, లేదా పండగలా కనిపిస్తోంది

1989లో కల్వకుర్తిలో ఎన్టీ రామారావు ఓడిపోయిన సంగతే తీసుకోండి. అభిమాని దాన్ని చెరిపేస్తాడు, గిట్టనివాడు ‘చిత్తుగా’ చేరుస్తాడు. దిద్దిన వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: ‘1989లో కల్వకుర్తి, హిందూపురం రెండుచోట్ల పోటీ చేసి, కల్వకుర్తిలో కాంగ్రెస్ అభ్యర్థి జె. చిత్తరంజన్‌దాస్ చేతిలో ఓడిపోయాడు, హిందూపురంలో గెలిచాడు.’ రెండో సగం వదిలేసినా అన్యాయమే.

సమస్య: ఇద్దరూ మూలం చూపిస్తున్నారు, తగువు తెగడం లేదు

1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచిన రావి నారాయణరెడ్డి ఏ పార్టీ? ఒకరు కమ్యూనిస్టు పార్టీ అని, మరొకరు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ అని మార్చుకుంటూ పోతారు. అప్పట్లో హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో వారు ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెబితే ఇద్దరికీ చోటు దొరుకుతుంది.

ఆ ఎన్నికలోనే ఆయనకు 3,09,162 ఓట్లు వచ్చాయి, నెహ్రూకు 2,33,571. ఇది రాయాల్సిందే. దీన్నుంచి ‘నెహ్రూను మించిన ప్రజాదరణ’ అని లాగితే మాత్రం అది మీ సొంత కవిత్వం. ఇద్దరివీ వేర్వేరు నియోజకవర్గాలు, పైగా రెండూ ద్విసభ్య స్థానాలు, అంటే ఒక్కోచోట ఇద్దరిని ఎన్నుకునేవి. అంకె ఇచ్చి, నియోజకవర్గం సంగతి చెప్పి ఆగండి.

పుట్టిన జిల్లా తగువూ ఇలాంటిదే. రావి నారాయణరెడ్డి ఊరు బొల్లేపల్లి అప్పట్లో నల్లగొండ జిల్లా, 2016 అక్టోబరు 11 తర్వాత యాదాద్రి భువనగిరి. ‘అప్పటి’, ‘ప్రస్తుత’ అన్న రెండు మాటలతో తీరిపోతుంది.

సమస్య: వ్యాసం చార్జిషీటులా ఉంది

నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లోని కేసులన్నీ వరసగా ఎక్కించడం వల్ల ఇలా అవుతుంది. కేసు నమోదైంది, అభియోగపత్రం దాఖలైంది, శిక్ష పడింది: ఇవి మూడు వేర్వేరు మెట్లు. ధర్నాలో రోడ్డుకు అడ్డంగా కూర్చున్న కేసూ, లంచం కేసూ ఒకే పట్టికలో పక్కపక్కన పెడితే చదివేవాళ్లకు తేడా తెలియదు. బతికున్న మనిషి విషయంలో నమ్మదగిన పత్రికలు పట్టించుకున్న కేసునే, ఏ మెట్టు మీద ఉందో తేదీతో రాయండి. కొట్టేశారని తెలిస్తే ఆ రోజే చేర్చండి.

సమస్య: ఆ నాయకుడు మీ మేనమామ, లేదా మీకు జీతమిచ్చేవాడు

వ్యాసం ముట్టుకోకండి. చర్చ పేజీలో సంబంధం చెప్పి, కావలసిన మార్పు అడగండి. డబ్బు తీసుకుని రాస్తుంటే ఆ సంగతి వెల్లడించడం వికీపీడియాను నడిపే వికీమీడియా నియమం.

సమస్య: మూలాలు నాలుగు, మాటలు ఒకటే

జిల్లా పేజీల్లో ఒకే పత్రికా ప్రకటన నాలుగు పేర్లతో అచ్చవుతుంది. దాన్ని ఒక్క మూలంగానే లెక్కపెట్టండి. తేదీ కూడా చూడండి. ఒకసారి ఒక నాయకుడి చదువు గురించిన వాక్యానికి మూలం వెతుకుతుంటే ఒక పత్రికలో అచ్చం అదే దొరికింది. సంతోషంగా అతికించబోతూ చూస్తే, వార్త వచ్చింది వ్యాసంలో ఆ వాక్యం చేరిన రెండేళ్లకు. ‘విశ్వవిద్యాలయం’లో ‘వి’ ఎగిరిపోయిన నా అచ్చుతప్పు అందులో చెక్కుచెదరకుండా ఉంది.