అరవై తర్వాత ఆయిల్ పెయింటింగ్ – 5వ పాఠం: ఒక్క ఎండుమిరపకాయ

పోయిన పాఠంలో కాన్వాస్‌కి గెస్సో, అంటే రంగు పట్టడానికి ముందు వేసే తెల్ల పూత, పూసి ఆరబెట్టుకున్నాం. ఇప్పుడు అసలు చిక్కు: ఏం వేయాలి? రిటైరయ్యాక ముచ్చటపడి రంగులు కొనుక్కున్నవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నేనూ ఆగాను. ముప్పై అయిదేళ్లు టైంటేబుల్ ప్రకారం బడికెళ్లినవాణ్ణి, గంట కొట్టేవాళ్లు లేకపోయేసరికి చెయ్యి ఆడలేదు. స్ఫూర్తి కోసమని ఉండవల్లి గుహలకి వెళ్లొచ్చాను. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రాలు నిలబడ్డాను. ఇంటికొచ్చి కూర్చుంటే ఆ 70 గేట్లలో ఒక్కటీ సరిగ్గా గుర్తు రాలేదు.

చివరికి దారి చూపించింది వంటింట్లో మిరపకాయల డబ్బా. పుట్టి పెరిగింది గుంటూరులోనే, అయినా ఎండుమిరపకాయని ధర అడగడానికి తప్ప ఎప్పుడూ తేరిపార చూడలేదు.

ఈ వారం మీ పనీ అదే: ఒక్క ఎండుమిరపకాయని తేరిపార చూసి వేయడం. తేజ రకం వద్దు, మరీ సన్నం. ముడతలుండే బ్యాడిగ అయితే నీడలు బాగా పడతాయి. తొడిమ ఊడకుండా చూసుకోండి. కిటికీ పక్కన తెల్ల కాగితం మీద పెట్టి, ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. వెలుగు ఒక్క వైపు నుంచే రావాలి. చెయ్యి వణికితే కాన్వాస్‌కి అడ్డంగా ఒక కర్ర పెట్టి, మణికట్టు దాని మీద ఆనించండి.

ఎరుపు ట్యూబు మూత ఇంకా తీయొద్దు. ముందు ముదురు గోధుమరంగు బర్న్ట్ అంబర్‌ని టర్పెంటైన్‌తో పల్చన చేసి, నీడ ఉన్నంత మేరకే వేయండి. అంబర్ త్వరగా ఆరే రంగు, మన ఎండలకి ఒకటి రెండు రోజులు చాలు. ఆరాక వేసే పై పొరలో రెండు చుక్కలు లిన్సీడ్ ఆయిల్, అదే అవిసె నూనె, కలపండి. కింద నూనె ఎక్కువై పైన తక్కువైతే పై పొర ముందే బిగుసుకుని తర్వాత బీటలు వేస్తుంది. ఈ నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. అప్పుడు వేడి కూడా పుడుతుంది. అందుకే నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే అంటుకోవచ్చు. విప్పి, బయట విడివిడిగా ఆరేయండి. ఇంట్లో తిట్టినా సరే.

నా మొదటి మిరపకాయ ప్లాస్టిక్ బొమ్మలా వచ్చింది. కాయంతా ట్యూబులోంచి తీసిన ఎరుపే పూసి, నీడకి నలుపు కలిపాను. అలా చేస్తే ఎరుపు చచ్చిపోతుంది. నీడవైపుకి ముదురు ఎరుపు అలిజరిన్ క్రిమ్సన్‌లో చిటికెడు అల్ట్రామరైన్ బ్లూ వేసి చూడండి. వెలుగువైపు ఎరుపులో కాస్త ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు.

ఇక ముడత మీద సన్నటి మెరుపు. దీని దగ్గర నేను మూడు వారాలు ఇరుక్కుపోయాను. నాకు కనిపించినట్టే లేత పసుపు వేసేవాణ్ణి, అతకలేదు. ఈలోగా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్లకి మళ్లీ అదే కాయ ముందు కూర్చుని, ఎడమ కన్ను మూసి చూశాను. మెరుపు నీలంగా ఉంది! కిటికీలోంచి పడుతున్న ఆకాశం అది. కుడి కన్ను మూస్తే మళ్లీ పాత పసుపు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకీ శుక్లాలు ముదిరి రంగులు తేడాగా కనిపించేవి. 1923లో, 82 ఏళ్ల వయసులో, ఆపరేషన్ చేయించుకున్నాడు. మీకూ ఆ ఇబ్బంది ఉంటే ట్యూబు మీద పేరు చదివే రంగు తీయండి, పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద రంగుల వరస ఎప్పుడూ మార్చకండి.

ఆ నీలం చూసిన రోజు నుంచి నాకు పొద్దున్నే లేవడానికి ఒక పని దొరికింది. పక్కింటాయన గుమ్మంలో నిలబడి, "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు మాస్టారూ, అమ్ముతారా?" అంటాడు. అమ్మను. మా కిటికీలో ఆ వెలుగు తొమ్మిదిన్నర దాకానే ఉంటుంది, ఆయనకి జవాబు చెబుతూ కూర్చుంటే అది కాస్తా పోతుంది.

వచ్చే పాఠంలోపు అదే కాయని అయిదుసార్లు వేయండి. పాడైనా చెరపొద్దు, వెనక తేదీ రాసి పక్కన పెట్టండి. తర్వాత దాని పక్కన ఇత్తడి గ్లాసు పెడదాం, ఎరుపు అందులోకి ఎలా పాకుతుందో చూద్దాం. కాయని మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. నేను మొట్టమొదట పెట్టుకున్న కాయ రెండో రోజే పోపులోకి వెళ్లిపోయింది.