సగం నీడ పెరట్లో గులాబీ పెట్టాలంటే

వైజాగ్‌లో రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న ఇల్లు మాది, పెరట్లో ఎండ పడేది పొద్దున్న పూట నాలుగు గంటల సేపే. అయినా గులాబీ పూస్తోంది, కాబట్టి ఎండ లేదని మొక్క మానేయకండి.

నర్సరీలో కళ్లు ముందు ఒక్కో కొమ్మకి ఒక్కో పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ రకం మీదకే పోతాయి. అది వద్దు. దానికి ఆరు గంటల ఎండైనా కావాలి, తక్కువైతే కాడలు సాగి, ఆకులే మిగులుతాయి. గుత్తులుగా పూసే ఫ్లోరిబండా రకాలు అడగండి. తెల్లగా పూసే ఐస్‌బర్గ్ అయితే మరీ మంచిది, 1958లో జర్మనీలో వచ్చిన పాత రకం, కొంత నీడని ఓర్చుకుంటుంది, ముళ్లు కూడా తక్కువ. పూలు మాత్రం ఎండలో ఉన్నంతగా రావు, అది ముందే ఒప్పేసుకోవాలి.

సాయంత్రం ఎండ కన్నా తూర్పు ఎండ నయం. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కదా, రాత్రి తడిసిన ఆకులు పొద్దున్నే ఆరిపోతే నల్లమచ్చ తెగులు తగ్గుతుంది. నీళ్లు కూడా మొక్క మొదట్లోనే పోయండి, ఆకుల మీద కాదు (మా అత్తయ్యకి ఇది ఎన్నిసార్లు చెప్పినా పైపు పట్టుకుని స్నానం చేయించేస్తారు). మచ్చలొచ్చి రాలిన ఆకుల్ని కుండీలో వదలకుండా ఏరి పారేయాలి.

మొక్కకీ మొక్కకీ మధ్య రెండడుగులైనా వదలండి.