సీసా మూతలతో గోడ వస్త్రం: ఎల్ అనాట్సుయి పద్ధతి, మన ఉప్పుగాలికి తగ్గట్టు

ఎల్ అనాట్సుయి 1944లో ఘనాలోని అన్యాకోలో పుట్టారు. 1975 నుంచి నైజీరియాలోని న్సుక్కాలో శిల్పం నేర్పారు. పారేసిన మద్యం సీసాల మూతల్ని రేకులుగా చదును చేసి, రాగితీగతో కుట్టిన ఆయన వస్త్రాలకు స్థిరమైన రూపమంటూ లేదు. వేలాడదీసిన చోటల్లా మడతలు మారిపోతాయి. ఆ మడతలు ఎలా ఉండాలో తరచూ ప్రదర్శనశాల వాళ్లకే వదిలేస్తారు. అలా మారగలిగే వస్త్రం, 2 అడుగుల వెడల్పు 3 అడుగుల పొడవున, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో దొరికే సామానుతో చేసుకోవచ్చు.

తుక్కు కొట్లో తిప్పి తీసే పొడుగాటి అల్యూమినియం మూతలు 250 ఏరుకోండి. పనికొచ్చేవి 200 తేలితే చాలు. సోడా సీసాల పళ్ల మూతలు వద్దు, అవి ఇనుపరేకువి. కళింగపట్నం, బారువ వైపు సముద్రపు గాలికి త్వరగా తుప్పు పడతాయి. అయస్కాంతానికి అతుక్కున్నది పక్కన పెట్టేయడమే.

తీగ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. వట్టి రాగి, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి, మీద ఉప్పు చెమ్మ చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. కుట్టుల చుట్టూ తెల్లటి పొడి రాలుతుంది. అందుకని మోటారు వైండింగ్ షాపులో వార్నిష్ పూత ఉన్న 26 గేజి రాగితీగ 100 గ్రాములు కొనండి. కాలిన మోటారులోంచి విప్పిన తీగకు ఆ పూత ఉండదు, తీసుకోవద్దు.

మూతల్ని రాత్రంతా సబ్బునీళ్లలో నానబెట్టి, లోపలి బిళ్ల ఊడదీయండి. పైభాగం, కింది రింగు కత్తిరించేసి, గోడను నిలువుగా చీలిస్తే సుమారు 9 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ వస్తుంది. గుడ్డ గ్లౌజులు తప్పనిసరి, అంచు బ్లేడులా కోస్తుంది. చదును చేయడానికి అప్పడాల కర్ర వాడండి. ఇనుప సుత్తితో కొడితే రేకు ఒకవైపు సాగి వంకర తిరుగుతుంది, రంగు పెచ్చులూడుతుంది. పొడుగు అంచులు రెండూ అర సెంటీమీటరు చొప్పున వెనక్కి మడవండి. చేతికి గీసుకోదు, పైగా రంధ్రం రెండు పొరల్లో పడుతుంది కాబట్టి చిరగదు. నాలుగు మూలల్లో, అంచుకు 3 మిల్లీమీటర్ల లోపల, చెక్క మీద పెట్టి సన్న మేకుతో పొడవండి.

ఇక కుట్టు. 6 సెంటీమీటర్ల తీగ ముక్కను పక్కపక్క పట్టీల రంధ్రాల్లోంచి తీసి, వెనక మూడు మెలికలు వేయండి, నాలుగోదానికి తెగొచ్చు. ముడి బిగించకండి. అగ్గిపుల్ల దూరేంత సందు ఉంటేనే వస్త్రం గుడ్డలా జారుతుంది. బిగిస్తే గోడకు కొట్టిన రేకే.

ఘనాలో కెంటె బట్టను సన్నటి పేటలుగా నేసి, తర్వాత పక్కపక్కన కలిపి కుడతారు. పొందూరులో లాగా నిండు వెడల్పున నేయరు. మీరూ ముందు అడుగు చదరం ముక్కలు ఆరు చేయండి. నేలమీద పరిచి, తిప్పి, మార్చి, ప్రతిసారీ పైనుంచి ఫొటో తీసుకోండి. అనాట్సుయి స్టూడియోలోనూ ముక్కల్ని ఇలాగే నేలమీద మార్చి మార్చి చూస్తారు. తృప్తిగా అనిపించిన అమరికే కుట్టండి. దీనికి తొందర పనికిరాదు, రెండు మూడు రోజులు అలా ఉంచినా నష్టం లేదు.

బరువు సుమారు అర కిలో. 2 అడుగుల వెడల్పును అడుగున్నర చెక్క రీపరుకు కుచ్చుగా తీగతో కట్టి, రీపరును గోడకు స్క్రూలతో బిగించండి. మడత తేలాల్సిన చోట వస్త్రం వెనక గోడకు మేకు కొట్టి ఆనించండి. నెలకోసారి మేకు చోటు మార్చి చూడండి, వెలుగు పడే తీరు మొత్తం మారిపోతుంది. మార్చేటప్పుడు వంపు కుట్టుల దగ్గరే రావాలి. పట్టీనే ఒకే గీత మీద అటూ ఇటూ వంచితే అక్కడే విరుగుతుంది. వేరే ఊరు తీసుకెళ్లాలంటే మడతపెట్టకండి, 4 అంగుళాల పీవీసీ పైపుకు చుట్టి తీసుకెళ్లండి.