అడగకుండానే రెండు వైపులా ప్రింటవుతుంటే

విజయవాడ గవర్నర్‌పేటలోని మా కార్యాలయంలో ఒప్పంద పత్రాలు ఎక్కువగా ముద్రించవలసి వస్తుంది. మొదటి పేజీ స్టాంపు పేపరు మీద, మిగిలినవి తెల్ల కాగితాల మీద రావాలి. ఒకరోజు రెండవ పేజీ కూడా స్టాంపు పేపరు వెనుకవైపే పడడంతో వంద రూపాయల కాగితం వృథా అయింది. ఇటువంటప్పుడు ముందుగా ప్రింటరును అనుమానించడం పొరపాటు.

నోట్‌ప్యాడ్‌లో రెండు పేజీలకు సరిపడా ఏదైనా టైపు చేసి, తెల్ల కాగితం మీద ప్రింట్ ఇవ్వండి. అది ఒకవైపే వస్తే దోషం మీరు వాడుతున్న ప్రోగ్రాములో ఉన్నదనుకోవచ్చు. వర్డ్‌లో కంట్రోల్, పి నొక్కగా వచ్చే పేజీలో 'ప్రింట్ వన్ సైడెడ్' ఎంచుకుంటే సరిపోతుంది. క్రోమ్‌లో 'మోర్ సెట్టింగ్స్' కింద రెండు వైపుల టిక్కు తీసేయాలి. కిందటిసారి పెట్టినదాన్ని అది గుర్తుంచుకుంటుంది.

చిక్కంతా ఎక్సెల్‌తోనే. ప్రతి షీటూ తన ప్రింటరు అమరికను ఫైలులోనే దాచుకుంటుంది కనుక, వేరొక కార్యాలయంలో రెండు వైపులకు అమర్చిన ఫైలు మన దగ్గరా అలాగే ముద్రితం కావచ్చు, మొదటి షీటులో సరిచేసినా రెండవది మారకపోవచ్చు. అందువల్ల ఒక్కొక్క షీటునూ తెరిచి, 'పేజ్ సెటప్'లోని 'ఆప్షన్స్' నొక్కి, ఒకవైపు ముద్రణ ఎంచుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ తప్పదు.

నోట్‌ప్యాడ్ నుంచి కూడా రెండు వైపులా వస్తుంటే, విండోస్ సెట్టింగ్స్‌లో 'ప్రింటర్స్ అండ్ స్కానర్స్' తెరిచి, మీ ప్రింటరును ఎంచుకుని, 'ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్'లో డ్యూప్లెక్స్‌ను, అంటే రెండు వైపుల ముద్రణను, ఆపివేయండి. అయితే ఈ మార్పు మీ లాగిన్‌కే వర్తిస్తుంది. అందరికీ మూలంగా ఉండే అమరిక 'ప్రింటర్ ప్రాపర్టీస్'లోని 'అడ్వాన్స్‌డ్' ట్యాబులో 'ప్రింటింగ్ డిఫాల్ట్స్' వద్ద ఉంటుంది. దానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. ఉమ్మడి ప్రింటరైతే దాన్ని షేర్ చేసిన కంప్యూటరులోనే మార్చాలి. ఇదివరకే సొంత ప్రిఫరెన్సెస్ పెట్టుకున్నవారు మాత్రం తమవి విడిగా సరిచేసుకోవాలి.

డ్యూప్లెక్స్‌ను శాశ్వతంగా తీసివేయడం నాకు సమ్మతం కాదు, చిత్తు ప్రతులకు అదే కాగితం ఆదా చేస్తుంది. మేము అదే ప్రింటరును 'స్టాంపు పేపరు' అనే పేరుతో రెండవసారి చేర్చి, దాని డిఫాల్ట్‌ను ఒకవైపుకు నిర్ణయించాము. చివరిగా వాడిన ప్రింటరే డిఫాల్ట్ కాకుండా, విండోస్‌కు ఆ ఎంపికను అప్పగించే స్విచ్చును కూడా ఆపివేశాము.