పాత సాహసకథలకు రెండో చదువు – నాలుగో పాఠం: వాడు, అతను, ఆయన

గడచిన మూడు పాఠాలలో కథ జరిగిన చోటును పటంలో గుర్తించడం, ఆ కాలాన్ని మన చరిత్ర పక్కన పెట్టి చూడడం, మనుషులను వర్ణించే విశేషణాల కింద గీత గీయడం సాధన చేశాము. విశేషణాలు సులువుగానే దొరుకుతాయి. "క్రూరులైన", "అనాగరికులైన" అన్న మాటలను ఈనాటి పాఠకుడు ఎవరూ చెప్పకుండానే పసిగడతాడు. సర్వనామం అలా పట్టుబడదు. అందుకే ఈ పాఠమంతా దానికే కేటాయించాను.

ఇంగ్లీషులో రాజుకూ బంటుకూ దొంగకూ ఒకే సర్వనామం సరిపోతుంది. తెలుగులో ఆ చోటికి వచ్చేసరికి వాడు, అతను, ఆయన అన్నవాటిలో ఒకదానిని ఎంచుకోక తప్పదు, ఎంచుకున్నదానిని బట్టి క్రియ కూడా వచ్చాడనో వచ్చారనో మారుతుంది. మూల వాక్యంలో లేని హెచ్చుతగ్గులు ఆ విధంగా అనువాదకుడి అలవాటు నుంచి కథలోకి వచ్చి చేరతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే చెన్నైవాసులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. తమిళంలో అవర్ (ఆయన) అనవలసిన చోట అవన్ (వాడు) అంటే ఎదుటివారి ముఖం ఎలా మారుతుందో మనం ఎరుగుదుము.

ఉదాహరణకు 1719లో వెలువడిన డేనియల్ డీఫో నవల 'రాబిన్సన్ క్రూసో'ను తీసుకుందాము. క్రూసో ఎక్కిన ఓడ బ్రెజిల్ నుంచి బయలుదేరింది ఆఫ్రికాలోని గినీ తీరం నుంచి బానిసలను తేవడానికే. అంతకు ముందు, తనతో పాటు చెర నుంచి తప్పించుకుని వచ్చిన జూరీ అనే కుర్రవాణ్ణి అతను 60 వెండి నాణేలకు ఒక ఓడ కెప్టెనుకు అప్పగించాడు. క్రైస్తవం స్వీకరిస్తే పదేళ్లకు విడిచిపెడతానని కెప్టెను మాట ఇచ్చాడు. తరువాత ఓడ పగిలి తాను ఒంటరిగా చిక్కుకున్న దీవిలో క్రూసో ఒక మనిషిని కాపాడి, కాపాడిన రోజు పేరునే పెట్టి ఫ్రైడే అన్నాడు. నీ పేరేమిటని అడగనే లేదు. తనను "యజమాని" అని పిలవడం మాత్రం మొదట్లోనే నేర్పాడు.

ఇప్పుడు పుస్తకం మూసి, ఫ్రైడేకు పేరు పెట్టిన ఆ ఘట్టాన్ని మీ మాటలలో పది వాక్యాలుగా రాయండి. రాసేటప్పుడు సర్వనామాల గురించి ఆలోచించవద్దు. తరువాత ఎర్ర పెన్సిలుతో ఇద్దరి సర్వనామాలనూ చుట్టండి. నేను ఈ పాఠం సిద్ధం చేస్తూ రాసుకున్న పుటలో క్రూసో ఆద్యంతం "అతను"గానే ఉన్నాడు. ఫ్రైడే మూడో వాక్యానికే "వాడు" అయిపోయాడు. పాఠం చెప్పేవాడి కలమే అలా నడిచింది.

అయితే "వాడు" కనిపించిన ప్రతిచోటా చిన్నచూపు ఉందని తీర్మానించకండి. తల్లి కొడుకును అనే మాట అది, భక్తుడు దేవుణ్ణి అనే మాట కూడా అదే. చూడవలసింది ఒకే సన్నివేశంలో ఇద్దరు పెద్దవాళ్లకు వేర్వేరు కొలతలు పడ్డాయా అన్నది. పడితే, ఆ తేడాకు కథలో ఆధారం ఉందా, లేక రాసేవాడే తెచ్చి పెట్టాడా అని పుట అంచున రాసుకోండి.

సర్వనామం తరువాత కర్తను చూడాలి. క్రూసో దీవికి కొట్టుకువచ్చిన రోజు 1659 సెప్టెంబరు 30 అని నవల చెబుతుంది. అప్పటికి మన చెన్నైలోని జార్జి కోటకు ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. ఆ కోట కథను "ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే మద్రాసును స్థాపించాడు" అని మొదలుపెడితే అది ఒక సాహసకథ అవుతుంది. "1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి ఈ తీరంలో చోటు ఇచ్చాడు" అని మొదలుపెడితే, రెండు పక్షాలూ లెక్కలు వేసుకుని కుదుర్చుకున్న బేరం అవుతుంది. రెండూ అబద్ధాలు కావు. కర్త మారడంతో, మొదటి వాక్యంలో జాడ లేకుండా పోయిన తెలుగు నాయకుడు రెండోదానిలో ఇచ్చేవాడిగా నిలబడ్డాడు.

ఈ వారం అభ్యాసానికి, వీలున్నవారు ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లి, ఏదైనా ఒక పాత సాహస నవలకు దొరికినన్ని తెలుగు రూపాలు తీసుకుని, ఒకే ఘట్టాన్ని పక్కపక్కన పెట్టి చదవండి. వెళ్లలేనివారికి ఇంట్లో చేయదగిన పని ఒకటి ఉంది. దేవుడికి అంత బలం ఉంటే సైతానును ఎందుకు చంపడు అని ఫ్రైడే తన వచ్చీరాని ఇంగ్లీషులో అడుగుతాడు. క్రూసోకు జవాబు తోచదు. వినబడనట్టు నటించి, ఏమన్నావని తిరిగి అడుగుతాడు. ఆ ప్రశ్నను ఒకసారి వచ్చీరాని తెలుగులో, మరొకసారి నిండైన తెలుగులో రాయండి. తన సొంత భాషలో అడిగి ఉంటే ఫ్రైడే దానిని తడబడకుండానే అడిగేవాడు. రెండు ప్రతులనూ దాచి ఉంచండి. అయిదో పాఠం వాటితోనే మొదలవుతుంది.