ఇంటి ఆవరణలో హామ్ రేడియో టవర్ నిలబెట్టడం ఎలా

హామ్ రేడియో (లైసెన్సుతో అభిరుచిగా నడిపే రేడియో) టవర్ ఎక్కడ పెట్టాలో ముందు తేల్చేది కరెంటు తీగలే. మాస్టు (టవర్ కొసన యాంటెన్నాను మోసే గొట్టం), యాంటెన్నా సహా అది ఎటు పడినా తీగలకు తగలకూడదు. ఎత్తుకు ఒకటిన్నర రెట్లు, అంటే 18 మీటర్ల టవర్‌కి 27 మీటర్ల దూరం ఉంచండి. అంత జాగా లేకపోతే ఎత్తు తగ్గించుకోవడమే, ఇందులో బేరాల్లేవు. స్థానిక అనుమతులు, దగ్గర్లో విమానాశ్రయం ఉంటే ఎత్తు పరిమితులు ముందే కనుక్కోండి.

పునాది కొలతలు తయారీదారు డ్రాయింగ్ ప్రకారమే. గుంత అడుగున కంకర పరిచి, గొట్టం కాళ్ళ చివరలు అందులోకి దిగేలా నిలపండి. కాంక్రీటుతో అవి మూసుకుపోతే లోపల చేరిన నీటికి దారి ఉండదు, కాలు లోపల్నుంచే తుప్పు తింటుంది. పైకి రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది! కాంక్రీటుకు 28 రోజులు గడువివ్వండి.

అసలు పట్టంతా స్టే వైర్లలో, అంటే టవర్‌ని పక్కల నుంచి నేలకు లాగి పట్టే తీగల్లో ఉంది. 120 డిగ్రీల తేడాతో మూడు వైపులా లాగాలి. టవర్ అడుగు నుంచి యాంకర్ (స్టే వైరును నేలకు బిగించే చోటు) దూరం టవర్ ఎత్తులో 80 శాతం ఉంటే మేలు. 60 శాతం కన్నా దగ్గరికి తెస్తే తీగ నిటారవుతుంది, గాలిని ఆపాల్సిన బలం టవర్‌ని కిందికి నొక్కడానికే పోతుంది. బిగువు తీగ తెగే బలంలో పదో వంతు: 3,000 కిలోల తీగకు 300 కిలోలు. ఎక్కువైతే కాళ్ళ మీద భారం, తక్కువైతే గాలికి టవర్ ఊగి తీగ కుదుపుతో లాక్కుంటుంది. మూడు వైపులా కొద్దికొద్దిగా, వంతులవారీగా బిగిస్తూ టవర్ నిటారుగా ఉందో లేదో చూస్తుండాలి.

తీగ కొసను మడిచి పట్టి ఉంచే యు క్లాంపులు చాలామంది తిప్పి బిగిస్తారు. గాడి ఉన్న దిమ్మ బరువు మోసే తీగ మీద కూర్చోవాలి, యు వంపు తోక ముక్క (మడిచి వదిలిన కొస) మీదికి రావాలి. తిరగేస్తే వంపు మోసే తీగనే నలిపేస్తుంది. గాలి అదురుకు టర్న్‌బకిల్ (తిప్పి తీగ బిగువు సరిచేసే బిగింపు) మరలు విప్పుకుంటాయి, కాబట్టి వాటిలోంచి తీగ దూర్చి కట్టేయండి.

పైకెక్కేవాళ్ళకు ఫుల్ బాడీ హార్నెస్, రెండు లాన్యార్డులు (హార్నెస్‌ని టవర్‌కి తగిలించే కొక్కెం తాళ్ళు) ఉండాలి. ఒకటి తగిలించాకే రెండోది విప్పాలి. నడుం బెల్టు ఒక్కటే చాలదు. సెక్షన్లను జిన్ పోల్‌తో (టవర్‌కి బిగించి కప్పీతో బరువు లేపే స్తంభం) ఒక్కొక్కటిగా లేపాలి. శాశ్వత స్టేలు వేసే ఎత్తు వచ్చేదాకా తాత్కాలిక స్టేలు తప్పనిసరి. మనిషి పైన ఉండగా ఏ స్టేనీ వదులు చేయకూడదు, కింద ఎవరూ నిలబడకూడదు. గాలి లేచినా, దూరంగా ఉరిమినా దిగిపోవాలి.

ఎర్తింగ్‌కి ఒక్కో కాలికి 2.4 మీటర్ల రాడ్ దింపండి. రాగి తీగని గాల్వనైజ్డ్ కాలికి నేరుగా తగిలిస్తే జింకు పూతను తినేస్తుంది, మధ్యలో స్టెయిన్‌లెస్ రేకు పెట్టండి. కోయాక్స్ (యాంటెన్నాను రేడియోకి కలిపే కేబుల్) షీల్డును, అంటే దాని బయటి లోహపు పొరను, టవర్ పైనా కిందా టవర్‌కి కలపండి, కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట లైట్నింగ్ అరెస్టర్ (పిడుగు వోల్టేజీని ఎర్త్‌కి మళ్ళించే పరికరం) పెట్టండి. టవర్ ఎర్త్‌ని ఇంటి కరెంటు ఎర్త్‌తో తప్పక కలపాలి. విడిగా వదిలేస్తే పిడుగు పడినప్పుడు ఆ రెంటి మధ్య వోల్టేజీ తేడా మీ రేడియో మీదుగానే దారి వెతుక్కుంటుంది.